జోగయ్య నీళ్లకు ఇచ్చిన మాట

మా కంపెనీలో జోగయ్య ఉద్యోగం నీళ్లను చూడటం. నవ్వకండి. నేనూ మొదట నవ్వాను. ఆ నవ్వుకు ఇప్పటికీ లెంపలు వేసుకుంటున్నాను.

అబుదాబి ముసఫ్ఫాలో, ఐకాడ్ అనే పారిశ్రామికవాడలో మాదొక షెడ్డు. అందులో రెండంతస్తుల లోతున్న స్టీలు తొట్టి. అణువిద్యుత్ కేంద్రాల్లో వాడేసిన ఇంధనాన్ని దాచే కొలనుకు అది నమూనా. కరెంటు పుట్టించి అయిపోయిన ఇంధనపు కడ్డీలు బయటకు తీయగానే చల్లారవు. ఏళ్ల తరబడి కాగుతూనే ఉంటాయి. వాటిని నీళ్లలో ముంచి, ఆ నీళ్లను పంపులతో రాత్రింబగళ్లు తిప్పుతుండాలి. పంపులకు మళ్లీ కరెంటు కావాలి. బతికినన్నాళ్లూ కరెంటు పెట్టిన కడ్డీ, చచ్చాక అదే కరెంటు తింటూ కూర్చుంటుందన్నమాట.

మా తొట్టిలో యురేనియం చిటికెడు కూడా లేదు. కడ్డీల బదులు గీజర్లలో ఉండేలాంటి హీటర్లు పెట్టి, అప్పుడే బయటకు తీసిన కడ్డీలు కాగినంత వేడి పెంచారు. పని ఇచ్చినవాళ్లు అడిగింది ఒక్క అంకె. రోజుకు ఎన్ని గంటలు పంపులు ఆపవచ్చు? ఆపినంతసేపూ ఖర్చు మిగులుతుంది, కానీ నీళ్లు ఎర్రగీత దాకా దిగకూడదు. దిగితే కడ్డీల తలలు బయటపడతాయి. మా తొట్టిలో అయితే హీటర్లు మాడతాయి. నిజం కొలనులో అయితే ఆ చుట్టుపక్కల మనుషులు ఉండటానికి వీలుండదు. ఆ అంకె ఏ దేశంలో, ఏ కొలనుకు వాడతారో మాకు చెప్పలేదు. ఎక్కడైనా మనుషులే కదా ఉండేది.

నా పేరు శ్రీసుధ, ఊరు కాకినాడ. కాగితాలు నా పని. షెడ్డులో తీసిన ప్రతి కొలతా నా చేతి మీదుగా ఫైలులోకి వెళ్తుంది. మా పైన మేనేజరు సుబ్బరాజు గారు, భీమవరం మనిషి. షెడ్డువాళ్లందరికీ ఆయన ముదీర్, అరబ్బీలో మేనేజరని.

జోగయ్యది మెట్‌పల్లి దగ్గర పల్లె. నీరటి కుటుంబం. చెరువు తూము తీయడం, మూయడం, ఏ మడికి ఎంత నీరో పంచడం తాతల నాటి నుంచి వాళ్ల వంతు. ఊరంతా బోర్లు పడ్డాక నీరటిని పిలిచేవాళ్లు లేకపోయారు. 2009లో దుబాయ్ అని బయలుదేరాడు. వచ్చింది ఫుజైరా క్వారీకి. అయిదేళ్లు రాతి దుమ్ము తిన్నాడు. తర్వాత మా దగ్గర హెల్పరుగా చేరాడు. మిషను చూపించే నీటి మట్టాన్ని మనిషి కూడా కొలిచి సరిచూడాలని నిబంధన ఉంది. "నీళ్లు కొలవడం ఎవడికొచ్చర్రా?" అని సుబ్బరాజు గారు అడిగితే, యాభై ఏళ్ల జోగయ్య బడిపిల్లాడిలా చెయ్యెత్తాడట.

కొలిచే పద్ధతి ఆయనదే. టేకు కట్టె మీద పన్నెండు గీతలు కోశాడు. పన్నెండో గీత నిండు, అయిదో గీత ఎర్రగీత. తొట్టి మీది నడకదారిలో నిలబడి కట్టె దించి, తడిసిన గీతను గట్టిగా అరిచేవాడు. కింద పంపుల స్విచ్చుల దగ్గర లింబాద్రి అదే అంకె తిరిగి అరిచి రాసుకునేవాడు. లింబాద్రిది నిర్మల్ వైపు. ఫుజైరా నుంచీ జోగయ్యకు గదిలో తోడు, తమ్ముడితో సమానం.

ఎండాకాలం పన్నెండున్నర నుంచి మూడు దాకా యార్డులో పనులు ఆపుతారు. ఐకాడ్ అంతా కుక్క కూడా మొరగనంత నిశ్శబ్దం. పరీక్ష మాత్రం నడుస్తూనే ఉండేది. పొద్దున తొమ్మిదికి పంపులు ఆపితే మూడింటి వరకూ ఆ నీళ్లు అలా పడి ఉండేవి. అడుగున దీపాలు ఉండటంతో నీలంగా మెరిసేవి. ఒకసారి ఆ వేళ కొలతల కాగితం కోసం నడకదారి ఎక్కాను. వంగి చూస్తుంటే జోగయ్య నా భుజం పట్టి వెనక్కి లాగాడు.

"గంత వంగకు బిడ్డా. మన్షికి రాత్రి బుగులు. నీళ్లకు మిట్టమద్యాన్నం. గీ యాళ్లకు అవి మనల్ని సూస్తుంటయి."

"నీళ్లకు కళ్లుంటాయా జోగయ్య గారూ?"

"గారు ఏంది, నన్ను పట్టుకోని! కండ్లు లేనియి సుత సూస్తయి. మా తాత జెప్పిండు."

బుగులంటే భయమట. నవ్వేసి దిగిపోయాను. మెట్లు దిగుతున్నంతసేపూ మెడ వెనక ఎవరో చూస్తున్నట్టే ఉంది. కూలరు గాలి అనుకున్నాను. అటు కూలరు లేదు.

నలభై రోజులు కొలిచారు. జోగయ్య కట్టె రోజూ ఒకటే చెప్పింది. నాలుగు గంటల దాకా నీళ్లు బుద్ధిగా ఉంటాయి. అయిదో గంట నుంచి ఆవిరై గబగబా దిగుతాయి. ఆరు గంటలకు అయిదో గీత, అంటే ఎర్రగీత. మిషను మాత్రం ఆరు గంటలకు ఏడో గీత చూపించేది. ఆవిరి పట్టి దానికి కళ్లు మసకబారాయని లింబాద్రికి కూడా తెలుసు.

సుబ్బరాజు గారికి కావలసింది ఆరు. పోటీ కంపెనీ ఆరు ఇస్తానంటోంది. మేము నాలుగంటే పని వాళ్లకు పోతుంది. ఒక ఉదయం నా ముందే జోగయ్యను కూర్చోబెట్టి, టీ ఇప్పించి మరీ అడిగారు.

"మిషను ఏడంటోంది, నువ్వు అయిదంటున్నావు. రెండు గీతలే కదయ్యా. ఏడని సంతకం పెట్టేయ్. నీ వీసా పొడిగించే పూచీ నాది."

"తప్పు జెప్తె తూము కాడ నరికేటోళ్లు సార్, మా తాతల కాలంల. అయిదును ఏడని ఎట్లంట?"

"ఇది మీ ఊరి చెరువు కాదు!"

"నీళ్లు గవే గద సార్."

సుబ్బరాజు గారు నా వైపు చూశారు. నేనూ అయిదే టైపు చేశానని, నలభై రోజులుగా అయిదే చేస్తున్నానని చెప్పొచ్చు. చెప్పలేదు. కుక్కిన పేనులా కూర్చున్నాను. కాకినాడలో ఆటోవాడితో అయిదు రూపాయలకు వీధంతా వినబడేలా పోట్లాడిన నోరు ఇది. తూ!

వారం తిరక్కుండా జోగయ్య వీసా రద్దయింది. కాగితాల మీద సంతకాలు తీసుకునే పని నాదే మరి. వెళ్లేసరికి ఆయన నడకదారి మీద నిలబడి ఉన్నాడు. చేత్తో కాసిని నీళ్లు తీసుకుని, మళ్లీ తొట్టిలోకే వదిలి, పక్కింటివాళ్లకు ఇల్లు అప్పజెప్పినంత మామూలుగా అన్నాడు:

"ఇగో, నేను మల్లొచ్చేదాంక కదలకుండ్రి."

అదేమిటని అడిగాను.

"కాపలాల ఉన్నోడు సద్ది తినవోతె, బదులు మన్షి లేకుంటె, గిట్ల జెప్పి పోతడు. పూటల మల్లొస్తడు. నీళ్లు ఆగుతయి."

"మీరు మళ్లీ రారు కదా."

ఆయన కింద స్విచ్చుల దగ్గరున్న లింబాద్రిని చూశాడు. "మల్ల రాకుండ పోయెటప్పుడు గీ మాట అనద్దు. తప్పే. రేపట్సంది కట్టె వానిచేతుల వెడ్తరు. ముదీర్ ఇగ ఆరంటడు, ఎన్మిదంటడు. వాడు గీ దారి మీదనే నిలవడ్తడు. నాకు బుగులైతుంది బిడ్డా." కళ్లు తుడుచుకుని సంతకం పెట్టి వెళ్లిపోయాడు.

మర్నాడు పంపులు ఆపారు. ఆరు గంటలు గడిచాయి. లింబాద్రి కట్టె దించి "పన్నెండు!" అని అరిచాడు. నిండు మట్టం. ఎక్కడో తప్పు పడిందని సుబ్బరాజు గారే ఎక్కి చూశారు. పన్నెండే. ఎనిమిది గంటలు ఆపినా పన్నెండు. మిషను మార్చినా, ఇంకో కట్టె కోసినా పన్నెండు.

జులై నెల. బాల్కనీలో బకెట్టు నీళ్లు పెడితే సాయంత్రానికి సగం అవుతాయి. ఆ తొట్టి అడుగున హీటర్లు భగభగా కాలుతున్నాయి, పైన ఆవిరి పోగు కూడా లేదు. వేడి నలభై ఒక్క డిగ్రీల దగ్గర మేకు కొట్టినట్టు ఆగిపోయింది. ఒక పావురం ఈక నీటి మీద పడింది. మూడు రోజులు అదే చోట, అదే వాలున ఉంది. లింబాద్రి కట్టెతో తోస్తే పక్కకు జరిగింది. మేము చూస్తుండగానే వెనక్కి వచ్చి, మునుపటి చోటే ఆగింది.

"మేడమ్, ఇంగొకటి సూసిన్రా?" అన్నాడు లింబాద్రి. "నేను అరిస్తె షెడ్డు మారుమోగుతుండె. ఇప్పుడు మోగుతలేదు. నా గొంతు నీళ్లల్లకు వోతుంది."

నేను అరిచి చూశాను. నిజమే. పరుపులో ముఖం దాచుకుని అరిచినట్టుంది. పాలు కాచే ప్రతి ఆడదానికీ తెలుసు, మంట పెట్టాక వేడి ఎటో అటు పోవాలి. పొంగాలి, ఆవిరవ్వాలి. జోగయ్య వెళ్లినప్పటి నుంచి పదకొండు రోజుల మంట ఆ తొట్టిలోకి వెళ్తోంది, ఏమీ బయటకు రావడం లేదు. అయితే అదంతా ఎక్కడుంది? ఆ నీలం నీళ్లలో ఎవరో ఊపిరి బిగబట్టి కూర్చున్నారనిపించేది.

సుబ్బరాజు గారికీ భయం వేసింది. షెడ్డులోకి రావడం మానేశారు. "అదృష్టం అనుకోవాలమ్మా" అన్నారు గోడ వైపు చూస్తూ. "ఆరేంటి, పన్నెండు గంటలు ఆపొచ్చని రాసేద్దాం. వచ్చే గురువారం చివరి పరీక్ష. సాయంత్రం రిపోర్టు పంపేస్తున్నాం, ఖలాస్."

ఆ అంకెను నమ్మి, ఎక్కడో ఎవరో నిజం కొలను మీద పన్నెండు గంటలు పంపులు ఆపుతారు. అక్కడి నీళ్లకు ఏ జోగయ్యా మాట చెప్పి ఉండడు.

జోగయ్యకు ఫోను చేశాను. అంతా విని, పన్నెండు గంటల సంగతి మళ్లీ చెప్పించుకున్నాడు.

"లింబాద్రి కోసమన్న బిడ్డా. లెక్కనే కరాబ్ జేసినట్టయింది. నేను అయిదంటె వద్దన్నరు, ఇప్పుడు నా మాటతోని పన్నెండు రాస్తున్నరు. నేనే అబద్దం జెప్పినట్టు గాదా? నేనొస్త."

"వస్తే ఏమవుతుంది?"

"ఆపుకున్నదంత ఇడుస్తయి. లోపట మన్షి ఉండద్దు."

బనియాస్‌లో మా వీధి ట్రావెల్స్ వాడి ప్రాణం తీసి విజిట్ వీసా చేయించాను. గురువారం పొద్దున ఎయిర్‌పోర్టు నుంచి నా కారులోనే తీసుకొచ్చాను. దారిపొడుగునా ఆయన ఇంటి సంగతులే చెప్పాడు. పెద్దపిల్లకు కానుపు దగ్గర పడిందట, భార్య లింగవ్వకు మోకాళ్ల నొప్పులట. తొట్టి మాట ఎత్తలేదు. ఐకాడ్ గేటు దాటాక మాత్రం చేతులు ఒడిలో పెట్టుకుని బిగించాడు.

"గుమ్మంలోంచే వచ్చానని చెప్పండి, చాలదూ?" అన్నాను.

"మాట ఇచ్చిన కాడనే తీస్కోవాలె."

"చెప్పగానే పరుగెత్తి వచ్చేయండి మరి."

"సూద్దాం."

పన్నెండు దాటింది. పంపులు తొమ్మిదికే ఆపేశారు. లోపల ఇరవై మూడు మంది ఉన్నారు, లింబాద్రి నడకదారి మీద ఉన్నాడు. వీళ్లను ఏమని చెప్పి బయటకు రప్పించాలి? నీరటి వస్తున్నాడంటే నన్నే ఆస్పత్రిలో చేరుస్తారు. ఫైర్ అలారం అద్దం మోచేత్తో పగలగొట్టాను. అలారం మోగగానే అందరూ హాజరుపట్టీ ప్రకారం ఎండలో వరసగా నిలబడ్డారు. పేర్లు పిలిచాను. ఇరవై మూడూ సరిపోయాయి. అంతలో జోగయ్య వెనక తలుపులోంచి లోపలికి వెళ్లాడు.

"ఎవడమ్మా అది?" అన్నారు ఆఫీసులోంచి పరుగెత్తుకొచ్చిన సుబ్బరాజు గారు. ఎవరో ఆయనకు తెలుసు.

లోపలి నుంచి జోగయ్య గొంతు వినిపించింది. "నేనొచ్చిన. ఇగ మీ ఇష్టం."

మొదట ఏమీ లేదు. తర్వాత పెద్ద నిట్టూర్పు. మనిషి నిట్టూర్పే అది, షెడ్డంత మనిషిది. రేకులు గడగడలాడాయి. పై కిటికీల్లోంచి తెల్లటి ఆవిరి ఎగదన్నింది.

"పదకొండు!" అని లోపలి నుంచి కేక.

లింబాద్రి ఉలిక్కిపడ్డాడు. వాడి నోరు దానంతట అదే తెరుచుకుంది. "పదకొండు!"

"వచ్చేయండి!" అని గొంతు చించుకున్నాను. "జోగయ్య గారూ, బయటికి రండి!"

"పది!"

"పది!" లింబాద్రి ఏడుస్తూ అరుస్తున్నాడు. నేను హాజరుపట్టీ వెనక అంకె, పక్కన టైము రాయడం మొదలుపెట్టాను. ఆయన ఎందుకు రావడం లేదో అప్పుడు అర్థమైంది. ఊరికే నీళ్లు పొంగాయంటే సుబ్బరాజు గారు ఏదో ఒకటి చెప్పి తోసేస్తారు. ఇరవై మూడు మంది వినగా కొలత చెబితే తోసేయలేరు. తొమ్మిది. ఎనిమిది. గీత గీతకూ ఆ గొంతు సన్నబడుతోంది. ఏడు. ఆరు.

"అయిదు."

"అయిదు!" అన్నాడు లింబాద్రి. ఆ తర్వాత లోపలి నుంచి ఏమీ రాలేదు.

మొదట పరుగెత్తింది సుబ్బరాజు గారు. నిజం చెప్పుకోవాలి. లింబాద్రి ఆయన వెనక దూకాడు. మెయిన్ స్విచ్ దించి, ఇద్దరూ కలిసి జోగయ్యను ఈడ్చుకొచ్చారు. ముదీర్ రెండు అరచేతులూ పొక్కిపోయాయి. ఆయన సొంత కారులోనే ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఏం జరిగిందని డాక్టర్లు అడిగితే, కూలీలుండే క్యాంపు వంటగదిలో పొయ్యి పేలిందని చెప్పారు.

ఆ సాయంత్రం కట్లు కట్టిన చేతులతో నా టేబులు ముందు కూర్చున్నారు.

"నాలుగు గంటలని వేద్దాం సుధా. జోగయ్య నలభై రోజుల కొలతలూ పెడదాం. పోటీవాడు ఆరంటే అది ఎందుకు తప్పో కూడా రాద్దాం. కానీ లోపల ఎవరూ లేరని రాయాలి. పని వీసా లేనివాడు లోపల కాలాడని తెలిస్తే ఈ రిపోర్టు చెత్తబుట్టలోకి పోతుంది. పని పోటీవాడికిస్తారు. వాడు ఆరే రాస్తాడు. నువ్వే చెప్పు, ఏది కావాలి?"

నాకు ఒళ్లు మండిపోయింది. చేతిలో పెన్ను ఆయన ముఖాన కొట్టాలనిపించింది. ఆయన చెప్పింది అబద్ధం కాకపోవడమే నా మంట. మర్నాడు ఆస్పత్రికి వెళ్లి జోగయ్యను అడిగాను. ముఖం కూడా కట్లలోనే ఉంది.

"నాలుగు రాయి" అన్నాడు. "పేరుతోని ఏం పని?"

రాశాను. నాలుగు గంటలు. సుబ్బరాజు గారు మాట తప్పలేదు, సంతకం పెట్టారు. ఆ అంకె ఒప్పుకున్నారని రెండు నెలల తర్వాత ఉత్తరం వచ్చింది. ప్రమాద నివేదిక కూడా నా చేత్తోనే టైపు చేశాను. 'ఆ సమయంలో షెడ్డులో ఎవరూ లేరు. హాజరు ఇరవై మూడుకు ఇరవై మూడు.'

జోగయ్య అయిదో రోజు పోయాడు.

లింబాద్రి వీసా ముదీర్ చేతిలో ఉంది కాబట్టి వాడు నోరు విప్పలేదు. నన్ను ఆపినవాళ్లు ఎవరూ లేరు, అయినా విప్పలేదు. నెల తిరిగాక లింగవ్వ ఎవరి దగ్గరో నా నంబరు పట్టుకుని ఫోను చేసింది. ఏడవలేదు. ఒక్కటే అడిగింది.

"అమ్మా, వంటకాడ కాలిండంటున్రు. మా ఆయనకు పొయ్యి ముట్టిచ్చుడే రాదు. ఎనిమిదేండ్లు లింబాద్రే వండి పెట్టిండు. గట్లాంటోడు పొయ్యికాడికి ఎందుకు వోయిండు?"

నాకు తెలియదన్నాను. 2019లో ఆ కంపెనీ వదిలేసే దాకా అదే మాట మీద ఉన్నాను.

తెలుసు లింగవ్వా. ఆయన పొయ్యి దగ్గరికి పోలేదు. ఆ రోజు లోపల ఒక మనిషి ఉన్నాడు.